చిన్నాయన జేబులో ఎర్ర పీలిక

మొన్న పొద్దున పేపర్లో, లోపలి పేజీలో, వాయుసేన ఒక రకం శిక్షణ విమానాలకు ఇక సెలవిచ్చేసిందని వేశారు. దశాబ్దాలుగా కొత్త పైలట్లకు ఎగరడం నేర్పిన జెట్లు. వాటిలో ఒకదాన్ని ఏర్పేడు దారిలో ఒక కాలేజీ ముందు నిలబెట్టారని కింద చిన్న అక్షరాల్లో ఉంది. పేపరు మడిచి పట్టుకుని చిన్నాయన ఇంటికి వెళ్లాను. ఆయన అప్పటికే చదివేసి, కళ్లద్దాలు ఆ వార్త మీదే పెట్టి, ఉప్మా తింటున్నాడు. బాధపడుతున్నట్టేమీ లేదు. నాకూ ఒక ప్లేటు పెట్టించి, చట్నీ వేసుకోమన్నాడు.

చిన్నాయన మా నాయనకు తమ్ముడు. ఆ విమానాల దగ్గర మెకానిక్కుగా ఇరవై ఏళ్లకు పైగా చేశాడు. విమానం నేల మీద ఉన్నంతసేపూ చక్రాల కాళ్లు ముడుచుకుపోకుండా ఒక ఇనుప పిన్ను గుచ్చి ఉంచుతారు. దానికి ఎర్ర గుడ్డ పీలిక వేలాడుతుంటుంది. ఎగిరే ముందు మెకానిక్కు దాన్ని లాగి, పైకెత్తి చూపించాలి. చూశానని పైలట్ బొటనవేలు ఎత్తాలి. తిరిగొచ్చి దిగాక పిన్ను మళ్లీ గుచ్చాలి. అప్పుడే పని అయినట్టు. సెలవులకొస్తే ఈ పద్ధతంతా మా నెత్తిన రుద్దేవాడు. నేను బడికి సైకిలెక్కితే తాళంచెవి తీసి నా ముక్కు ముందు ఊపేవాడు, వేలెత్తితే గానీ కదలనిచ్చేవాడు కాదు. తిరుమల బస్సెక్కే ముందు టైర్లన్నీ తన్ని చూసేవాడు. ఒకసారి డ్రైవరు దిగొచ్చి, "నువ్వే తోలుతావా సామీ, తాళాలిచ్చేదా?" అన్నాడు. చిన్నమ్మ సిగ్గుతో చచ్చిపోయి, కొండ మీదిదాకా ఆయనెవరో ఏమో అన్నట్టు వేరే సీట్లో కూర్చుంది.

ఒక ఏడాది వచ్చినప్పుడు మాత్రం, నేను సైకిలెక్కుతుంటే అరుగు మీద ఊరికే కూర్చున్నాడు. తాళంచెవి ఊసే లేదు. నేనే వేలెత్తి చూపిస్తే తల తిప్పేసుకున్నాడు. నాకు కోపమొచ్చింది, అంతకు మించి తెలిసే వయసు కాదు. సంగతి చాలా ఏళ్లకు చిన్నమ్మ చెప్పింది. ఎవరో ఉత్తరాది కుర్రాడు, ఎగరడం నేర్చుకుంటున్న పైలట్, ఇరవై ఏళ్లుంటాయేమో. చిన్నాయన పిన్ను చూపించాడు, ఆ అబ్బాయి నవ్వుతూ వేలెత్తి వెళ్లాడు, విమానం తిరిగి రాలేదు. చిన్నాయన తప్పేమీ లేదని విచారణలో తేల్చారు. అన్నీ అడిగారట గానీ, జేబులో ఏముందని ఎవరూ అడగలేదట.

నిన్న ఆయనే ఫోన్ చేసి, పోయి చూసొద్దామన్నాడు. స్కూటర్ మీద నా వెనక కూర్చున్నంతసేపూ కుడిచెయ్యి జేబులోంచి తీయలేదు. కాలేజీ గేటు ముందు సిమెంటు దిమ్మె మీద, కొత్త రంగు వేసుకుని, ముక్కు పైకెత్తి నిలబడి ఉంది విమానం. పిల్లలు సెల్ఫీలు తీసుకుంటున్నారు. చిన్నాయన మోకాళ్లు పట్టుకుని వంగి, దాని కడుపు కింద చాలాసేపు వెతికాడు. అందంగా ఉంటుందని ఎగురుతున్నట్టు నిలబెట్టారు. చక్రాలు లోపలికి ముడిచేసి, తలుపులు మూసి, పైన రంగేశారు.

జేబులోంచి పిన్ను తీశాడు, ఆ కుర్రాడి విమానానిది. ఆ పీలిక ఇప్పుడు ఎరుపు కాదు, వెలిసి ఇటుకపొడిలా ఉంది.

"యాడ పెట్టేదప్పా దీన్ని?" అన్నాడు.

 నాకు ఏడుపు రావాల్సిన చోటే అది, రాలేదు. ఆయనకూ రాలేదు. "ఇది గూడా దిగనే లేదే" అని, పిన్నును మళ్లీ జేబులో వేసుకున్నాడు.

స్కూటర్ దగ్గరికొచ్చాక, ఎందుకో నాకే తెలియదు, తాళంచెవి పైకెత్తి ఆయనకు చూపించాను. నా వైపు చూడకుండానే, పాత అలవాటుగా, బొటనవేలు ఎత్తాడు. చిన్నాయన ఉద్యోగం ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు ఆ విమానాల పని కూడా అయిపోయింది. ఆ కుర్రాడు ఎగిరిన ఒక్క పూట మాత్రం ఇన్నేళ్లయినా ఇంకా అయిపోలేదు.