ఈరప్ప కొన్న రంగు గన్ను

ఈరప్ప అన్ని నెలలు వెతికింది నిజంగా రంగు కొట్టే గన్ను కోసమేనా? నాకు ఎనభై దాటాయి. చదివిన పుస్తకాలు చాలావరకు మరిచిపోయాను, ఈ ప్రశ్న మాత్రం ఉండిపోయింది. అడుగుదామంటే ఆయన మళ్లీ కనపడలేదు.

చింతామణిలో మా ఇంటికీ ఈరప్ప ఇంటికీ మధ్య ఒకటే గోడ. నేను మునిసిపాలిటీ పుస్తకాల గదిలో పనిచేసేవాణ్ణి. ఈరప్పకు బాడుగ కారు ఉండేది. నల్లటి పాత మారిస్. మదనపల్లెలో ఒక డాక్టరు వాడి వదిలేసినదాన్ని కొన్నాడు. బాగేపల్లి సంతకు వ్యాపారులను తీసుకుపోయేవాడు, పురిటి నొప్పులొచ్చిన ఆడవాళ్లను ఆసుపత్రికి చేర్చేవాడు. అన్నిటికంటే పెళ్లిళ్ల బాడుగ ఎక్కువ. ఈరప్ప కారులో కైవారం గుడికి పోయి తాళి కట్టించుకున్న పిల్ల అత్తగారింట్లో సుఖపడుతుందని ఎవరో అన్నారు. ఆ మాట ఊళ్లో నిలిచిపోయింది. ఆయనకు పిల్లలు లేరు. పొద్దున్నే భార్య అక్కయమ్మ కారు ముందు నీళ్లు చల్లి, దీపాల మధ్యన బొట్టు పెట్టి, అప్పుడు పొయ్యి ముట్టించేది.

అరవై రెండో సంవత్సరం మాఘంలో అక్కయమ్మకు కడుపునొప్పి పట్టుకుంది. బెంగుళూరు పెద్దాసుపత్రికి బయలుదేరారు. వెనక సీట్లో ఈరప్ప అక్క లక్ష్మీదేవమ్మ కూర్చుని అక్కయమ్మ తల ఒళ్లో పెట్టుకుంది. హొసకోట ఇంకా రాకముందే ప్రాణం పోయింది. లక్ష్మీదేవమ్మ ఆ సంగతి చెప్పలేదు. చెబితే తమ్ముడు స్టీరింగు వదిలేస్తాడని భయపడింది. ఆయన మాత్రం "వచ్చేసినాంలే, ఇంకెంత దూరముండాది, కొంచెం ఓర్చుకో" అని భార్యతో మాట్లాడుతూనే ఆసుపత్రి వాకిలి దాకా నడిపాడు.

ఆ రోజు ధనిష్ఠ. మా వైపు ఆ నక్షత్రంలో ఎవరైనా పోతే ఆ ఇల్లు పాడు పెడతారు. ఆరు నెలలు తలుపు మూసి, గడపకు కంప అడ్డం వేసి, ఇంట్లోవాళ్లు వేరేచోట ఉంటారు. ఈరప్ప కూడా పెట్టె సర్దుకున్నాడు. పంచాంగం చూసే ఆయన వచ్చి చాలాసేపు ఆలోచించాడు.

"ప్రాణం పోయింది ఇంట్లో కాదు కదప్పా. ఇంటికేమీ దోషం లేదు. పోయిన చోటు కారు. పాడు పెట్టాల్సింది కారును."

ఎవరూ నవ్వలేదు. అందరికీ అది సరిగానే తోచింది. కారును పెరట్లోని రేకుల షెడ్డులోకి నెట్టి, నాలుగు తలుపులకూ తుమ్మ కంప కట్టారు. ఈరప్ప కంప కట్టడానికి దారం పట్టుకున్నాడు. ముళ్లు గుచ్చుకుని చేతులకు నెత్తురు వచ్చింది. ఆయన చూసుకోలేదు.

ఆరు నెలల తర్వాత ఏమవుతుందో లక్ష్మీదేవమ్మకు అప్పుడే తెలుసు. కంప తీసేస్తారు, కానీ ఆ కారును పెళ్లికి ఎవరూ పిలవరు. పెళ్లి బాడుగలు లేకపోతే ఈరప్పకు బతుకు లేదు. అందుకని ఆమె ఒక ఉపాయం చెప్పింది. తన కూతురు సుజాతమ్మ పెళ్లి కార్తీకంలో కైవారంలో అనుకున్నారు. పెళ్లికూతురు మేనమామ కారులోనే పోవాలి. సొంత బిడ్డనే ఎక్కించినాక ఊరివాళ్లు ఏమంటారు? పాడుపెట్టిన ఇంటికి సున్నం కొట్టి మళ్లీ చేరతారు కదా, కారుకూ కొత్త రంగు వేస్తే సరి.

"సున్నం కొట్టినట్లు నాలుగు బ్రష్షులు కొట్టేయరా" అంది.

"బ్రష్షుకు గీతలు పడతాయక్కా. గన్ను కావాల" అన్నాడు ఈరప్ప.

భార్య పోయినాక ఆయన తనంతట తాను అన్న మొదటి మాట అదేనని లక్ష్మీదేవమ్మ మా అమ్మతో చెప్పుకుని కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత ఆయన మాట్లాడిందంతా గన్ను గురించే.

టైర్ల అంగడి బయ్యప్ప ముందుగా ఒక పంపు తెచ్చాడు. మలేరియా వాళ్లు ఇళ్ల గోడలకు మందు కొట్టే పంపు, ఎవరినో అడిగి తెచ్చినది.

"దీంతో తాలూకాలో దోమలన్నీ చచ్చినాయి. నీ కారుకు రంగు పట్టదా?"

కిరోసిను డబ్బా మీద కొట్టి చూశారు. రంగు వాన చినుకుల్లాగా పడింది. డబ్బాకు మశూచి పోసినట్టయింది.

"ఇంటి గోడకైతే బాగుంటాదిలే" అని బయ్యప్ప పంపు ఎత్తుకుని వెళ్లిపోయాడు.

ఆ మీదట బెంగుళూరు ప్రయాణాలు మొదలయ్యాయి. డబ్బాల మీద ఇంగ్లీషు చదివి చెబుతానని నన్ను వెంట తీసుకుపోయేవాడు. బస్సులో పోయేవాళ్లం. హొసకోట వచ్చేముందు ఈరప్ప కిటికీ వైపు నుంచి తల తిప్పి నా చేతిలోని పుస్తకం చూసేవాడు. ఆయనకు చదువు రాదు. ఊరు దాటేదాకా ఆ పేజీనే చూస్తూ ఉండేవాడు. నేను పేజీ తిప్పేవాణ్ణి కాదు.

అక్కడ రంగుల అంగడివాడు మా వైపు మాటే మాట్లాడేవాడు. బల్ల మీద రెండు గన్నులు పెట్టాడు. ఒకదానికి రంగు గిన్నె కింద వేలాడుతుంది, పెద్దది. రెండోదానికి చిన్న గిన్నె పైన కూర్చుంటుంది.

"ఇంట్లో కొట్టేకా? గాలి యాడ నుంచి తెస్తావు?"

"లారీ చక్రంలో."

అంగడివాడు నా ముఖం చూశాడు. నేను తల ఊపాను. బయ్యప్ప అంగడిలో గాలి కొట్టే ఇంజను ఉంది, దాన్ని కదపడానికి లేదు. అందుకని లారీ చక్రంలో గాలి బిగించుకుని ఇంటికి దొర్లించుకుని రావడం, ఆ గాలితో ఉన్నంతసేపు కొట్టడం అనుకున్నారు.

"అట్లయితే పెద్దది వద్దప్పా. అది గాలి చాలా తాగుతాది. పైకప్పు కొట్టేకి వంచితే గిన్నెలో రంగు అందదు. ఈ చిన్నది తీసుకో. కొంచెం గాలికే పని చేస్తాది. మాటిమాటికీ నింపుకోవాల, అంతే."

ఈరప్ప చిన్నదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఖాళీ గన్ను మీట నొక్కాడు, వదిలాడు. గాలిలో ఒక తలుపు ఉన్నట్టు ఈ చివరి నుంచి ఆ చివరికి నిదానంగా చెయ్యి జరిపాడు. మళ్లీ బల్ల మీద పెట్టి, ఇంకోసారి వస్తామన్నాడు. మళ్లీ పోయాం. మళ్లీ అదే. ఎన్నోసారో అంగడివాడు విసుక్కున్నాడు.

"ఏమప్పా, ఇది పెళ్లిచూపులా? పిల్ల నచ్చిందా లేదా చెప్పు."

"చేతికి ఆనాలప్పా" అన్నాడు ఈరప్ప. ముఖంలో ఏమీ లేదు.

శ్రావణంలో కంప తీశారు. ఆ వారమే ఆయన చిన్న గన్ను కొన్నాడు. మొదటిసారి చూపించినదే అది.

తర్వాత పని ఎలా జరిగిందో వీధంతా చూసింది. కారు పాత రంగును నీళ్లతో, గరుకు కాగితంతో అరగదీశాడు. వేళ్లు పగిలాయి. బూడిదరంగు అడుగు పూత వేశాడు. పొద్దున ఎండ ఎక్కకముందు బయ్యప్ప అంగడి నుంచి లారీ చక్రం దొర్లించుకుంటూ వచ్చేవాడు. బయ్యప్ప అంగడి అరుగు మీద కూర్చుని అరిచేవాడు.

"తేరు వస్తాంది, జరగండి! ఈరప్పా, ఆ గాలి మా అంగడిది, పారబోయాకు!"

ఒక్కో చక్రానికి తలుపులో సగం తడిసేది. గాలి అయిపోతే మళ్లీ దొర్లించుకుని పోయేవాడు. బూడిదరంగు పూత దాకా షెడ్డు తెరిచే ఉండేది. అసలు రంగు మొదలయ్యాక దుమ్ము పడుతుందని లోపల చుట్టూ తడి బట్టలు కట్టి, తలుపు మూసుకున్నాడు. ఒకరోజు లక్ష్మీదేవమ్మ మజ్జిగ తెచ్చి తలుపు సందులోంచి తొంగి చూసింది.

"అవి అక్కయమ్మ చీరలు కదరా!"

"దుమ్మును బాగా పట్టుకుంటాయక్కా" అన్నాడు లోపల నుంచి.

ఆమె మజ్జిగ చెంబు గడప దగ్గర పెట్టి మా ఇంట్లోకి వచ్చి కూర్చుంది. మా అమ్మతో, "పనిలో పడినాడు. అదే చాలు" అంది.

ఏ రంగు వేస్తాడని వీధిలో మాట్లాడుకున్నారు. పాలమీగడ రంగు అని బయ్యప్ప, లేత నీలం అని సుజాతమ్మ. ఎవరూ ఆయన్ను అడగలేదు. గన్ను గురించి అన్నిసార్లు అడిగాం. రంగు డబ్బాలు కొన్న రోజు నేను వెంట లేను. గోళ్లలో రంగు చూసి కనిపెట్టవచ్చు కదా అనుకుంటాను ఇప్పుడు. కానీ డ్రైవరు గోళ్లు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి.

పెళ్లినాటి పొద్దున లక్ష్మీదేవమ్మ ఇంటి ముందు పందిట్లో అందరూ చేరారు. మగపెళ్లివారి ఆడవాళ్లు ఇద్దరు పిల్లను తీసుకుపోవడానికి వచ్చారు. నేను కారును తీసుకురమ్మని చెప్పడానికి షెడ్డు దగ్గరికి పోయేసరికి ఇంజను తిరుగుతోంది. చీరలు మడతపెట్టి పీట మీద ఉన్నాయి. గన్ను కడిగి, తుడిచి, మేకుకు తగిలించి ఉంది. నేను ఏదో అనబోయేలోగా కారు బయటికి వచ్చింది.

నల్లటి కారు.

అంత నలుపు అంతకుముందు దానికి లేదు. వీధి, పందిరి, అరటి చెట్లు, నిలబడినవాళ్ల ముఖాలు అన్నీ దానిలో కనిపించాయి. ఈరప్ప దిగి వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. దీపాల మధ్యన బొట్టు కూడా పెట్టి ఉంది.

బయ్యప్ప మెల్లగా, "ఇదేంటికప్పా, ఇదే రంగు…" అని ఆగిపోయాడు. మగపెళ్లివారి ఆడవాళ్లలో పెద్దామె, "ఆ కారే కదమ్మా ఇది?" అంది.

"ఏమిరా ఇది?" అంది లక్ష్మీదేవమ్మ.

"ఎండలోకి వచ్చి చూడక్కా. యాడా గీత పడలేదు."

సుజాతమ్మ అందరి మధ్యలోంచి వచ్చింది. "నేను ఎక్కుతా మామా" అని పసుపు చేతితో తలుపు పట్టుకుని, ఒక కాలు లోపల పెట్టింది. ఉపాయం పారింది అనుకున్నాను. ఆ పెద్దామె కూడా పక్కకు జరిగి దారి ఇచ్చింది.

లక్ష్మీదేవమ్మ వెనక సీటు చూసింది. కిటికీ పక్కన ఆ రోజు తాను కూర్చున్న చోటు. కూతురి భుజం పట్టుకుని వెనక్కి లాగింది.

"వద్దు. వద్దురా ఈరప్పా. నా వల్ల కాదు."

ఇంకెవరన్నా అని ఉంటే ఆయన ఏదైనా బదులు చెప్పేవాడేమో తెలియదు. తల ఊపాడు. సుజాతమ్మ కాలు బయటికి తీసేదాకా ఆగి, తలుపు చప్పుడు లేకుండా వేశాడు. పసుపు వేళ్ల గుర్తు తలుపు మీద ఉంది. భుజం మీది తువ్వాలు తీశాడు, మళ్లీ భుజం మీదే వేసుకున్నాడు.

మా వైపు మంచినీళ్లకు పోతున్నా సరే "పోయొస్తా" అనే గడప దాటుతారు. లక్ష్మీదేవమ్మ ఆ మాట కోసం చూస్తూ నిలబడింది. ఈరప్ప ముందు సీట్లో కూర్చుని, వెనక్కి ఒకసారి చూసి, కైవారం వైపు కాకుండా బాగేపల్లి రోడ్డు వైపు కారు తిప్పాడు. ఆ మాట అనలేదు.