ఎడమ కంటి చంద్రుడు

ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. దాన్ని ఇప్పుడు బ్యాంకువాళ్ళు తప్ప ఎవరూ వాడరు. మిగతా అందరికీ ఆయన నిఖార్సుగారు. కలర్ ల్యాబ్‌లో ఫొటోల రంగు సరిచూసే పనిలో ఉన్నన్నాళ్ళూ "తెలుపంటే నిఖార్సయిన తెలుపు కావాలి" అని రోజూ మంత్రంలా చదివేవారు కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది. ప్రింటు యంత్రంలోంచి ఏది బయటికొచ్చినా ముందు ఆయన కళ్ళ ముందుకి రావాలి. పెళ్ళికూతురి మొహం పిసరంత ఎర్రబడినా, ఎవరిదో చొక్కా కాలరు పిసరంత పచ్చబడినా ఆయన పెదవి విరిచేవారు. ఆ ప్రింటు చెత్తబుట్టలోకి పోయేది. ల్యాబ్ ఓనరు కూడా యంత్రం వంక కాక ఆయన పెదవి వంకే చూసేవాడు.

రిటైరైన రోజున ల్యాబ్‌వాళ్ళు గోడగడియారం ఇస్తారని ఆయన, కుర్చీ ఇస్తే బావుండునని భార్య ఎదురుచూస్తే, అందరూ కలిసి ఒక టెలిస్కోపు ఇచ్చారు. ఆవిడ బట్టలు కుట్టే మనిషి. ముందుగదే ఆవిడ దుకాణం. అక్కడ కుట్టుమిషనుకీ, కత్తిరించిన గుడ్డలకీ, దారాల సొరుగులకీ పోగా మిగిలిన జాగాలో ఆ గొట్టాన్ని నిలబెట్టి, "దీనికి హేంగర్లు తగిలించుకోవచ్చా?" అని అడిగింది. ఆయనకి ఒళ్ళు మండింది. ఆ సాయంత్రమే దాన్ని డాబా మీదకి మోసుకెళ్ళి చంద్రుడి వైపు తిప్పారు. కిందకి దిగొచ్చాక భోజనంలో ఉప్పుందో లేదో కూడా ఆయనకి తెలియలేదు.

ఫోనుతో చంద్రుణ్ణి ఫొటో తీయడం చూడ్డానికి తేలికే గానీ, చేయబోతే తల ప్రాణం తోకకొచ్చే పని. టెలిస్కోపులో కన్ను పెట్టి చూసే చోట ఫోన్ని క్లాంపుతో బిగించాలి. వెంట్రుకవాసి పక్కకి జరిగితే చంద్రుడు మాయం. తెరని వేలితో తాకితే బొమ్మ వణుకుతుంది కనక, పాత ఇయర్‌ఫోన్ల తీగ తగిలించి దాని బటన్‌తో ఫొటో నొక్కడం నేర్చుకున్నారు. వెలుగు మరీ ఎక్కువైన రోజుల్లో బూడిదరంగు ఫిల్టరు ఒకటి తిప్పి బిగించేవారు. ఇవన్నీ అయ్యాక కిందకొచ్చి ఫోనులో రంగు సరిచేసుకునేవారు. అది మాత్రం ఆయనకి అన్నం పెట్టిన విద్య.

"నీలం కొడుతోందండీ," అంది ఆవిడ, ఒకరోజు బొమ్మ చూసి.

"ఎక్కడ?"

"ఎక్కడేంటి, మొత్తం అంతా."

రంగుల విషయంలో ఆయన్ని దిద్దిన మనిషి ఆ రోజుదాకా పుట్టలేదు. కానీ గుడ్డకి దారం కలపడంలో ఆవిడా తక్కువ తినలేదు. సొరుగులోంచి తెల్లదారం రీలు తీసి ఫోను పక్కన పెట్టింది. "ఇదీ తెలుపంటే."

ఆయన రీలుని అటూ ఇటూ తిప్పి జాలిగా నవ్వారు. "నీకెవడో పాత సరుకు అంటగట్టాడు. పసుపెక్కిపోయింది చూడు."

మర్నాడు ఆయనే దుకాణానికి వెళ్ళి, వాదించి, రీలు మార్పించుకొచ్చారు. కొత్తదీ పసుపే. మళ్ళీ వెళ్ళారు. మూడోసారి దుకాణదారు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. ఈ మధ్య తెల్లదారం నాణ్యత పడిపోయిందని ఆయన తేల్చేశారు. ఆవిడ నెత్తి కొట్టుకుని ఊరుకుంది. తర్వాత రెండేళ్ళపాటు ఆయన ఏ బొమ్మ చూపించినా ఆవిడ మిషను ఆపకుండానే "నీలం" అనేది, ఆయన "నీకు తెలీదు" అనేవారు. ఆ సంసారంలో అది మంచినీళ్ళు తాగినంత మామూలైపోయింది.

ఆకాశం ఫొటోలు తీసేవాళ్ళ ఫోను గ్రూపులో మాత్రం ఆయనకి మంచి పేరొచ్చింది. దాన్ని నడిపే పళ్ళ డాక్టరు ఆ బొమ్మలు చూసి ముచ్చటపడి, ఒక అర్ధచంద్రుణ్ణి ఏరి, లైబ్రరీ హాలు గోడకి పెద్దదిగా వేయించి పెడదామన్నాడు. ఆ రోజు ఆయన కాళ్ళు నేలమీద లేవు. తన కన్ను ఇంకా కన్నే అనడానికి అంతకన్నా రుజువేం కావాలి.

ఈలోగా సూదిలో దారం ఎక్కించమని ఆవిడ ఇస్తే, ఆయన సూది పక్కన గాలిలో ఎక్కించబోయారు. మర్నాడే ఆవిడ ఆయన్ని కంటి ఆసుపత్రికి లాక్కెళ్ళింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు బాగా ముదిరాయనీ, ముందు కుడికన్నుకి, నెల తర్వాత ఎడమకన్నుకి ఆపరేషన్ చేస్తాననీ చెప్పింది డాక్టరమ్మ.

కుడికంటి కట్టు విప్పాక ఆయన మొదట అడిగింది, "గోడలకి సున్నం ఎప్పుడు వేశారు?" అని. నర్సు నవ్వింది. "అందరూ ఇదే అడుగుతారు సార్. మీ కంట్లో ఇన్నాళ్ళూ పసుపు అద్దం ఒకటుంది. మెల్లగా ముదిరింది కాబట్టి మీకు తెలియలేదు."

ఇంటికొచ్చి ముందుగదిలో దారం రీళ్ళు చూశారు. నిఖార్సయిన తెలుపు. లోపలికెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుని, ఫోను తీశారు. నీలిమందులో ముంచి తీసినట్టున్నాడు చంద్రుడు. ముందుది నీలం, తర్వాతదీ నీలం. లైబ్రరీ గోడకెక్కబోయేది అన్నిటికన్నా నీలం. కుడికన్ను మూసి ఎడమకంటితో చూస్తే అదే బొమ్మ వెండిలా మెరుస్తోంది. కుడికన్ను తెరిస్తే మళ్ళీ నీలిమందు. ఎంతసేపు అలా మార్చి మార్చి చూశారో, ఆవిడ కాఫీ తెచ్చి పెట్టిన సంగతి కూడా ఆయనకి తెలియలేదు.

అంతకన్నా పెద్ద ముల్లు తర్వాత గుచ్చుకుంది. ల్యాబ్‌లో ఆఖరి ఏడాది ఓనరు రోజూ మధ్యాహ్నం వచ్చి ఆయన పక్కన కూర్చునేవాడు. పాపం, ఇన్నాళ్ళకి పని నేర్చుకోవాలని సరదా పుట్టిందనుకుని ఆయన ఓపిగ్గా నేర్పారు. ఇప్పుడు ఫోను చేసి, అలా ఎందుకు కూర్చునేవాడో సూటిగా అడిగేశారు.

ఓనరు ఒప్పుకున్నాడు. "సాయంత్రం మీరెళ్ళాక నీలం కొట్టిన ప్రింట్లు కొన్ని మళ్ళీ వేసేవాణ్ణి మాస్టారూ. కొన్నే. అన్నేళ్ళు మీరు నా షాపు పరువు నిలబెట్టారు. ఒక్క ఏడాది నేను మీది నిలబెట్టకూడదా?"

ఆ మాట ఎంత మంచిదైనా ఆయనకి ఏడుపొచ్చింది. పళ్ళ డాక్టరుకి ఫోను చేసి లైబ్రరీ బొమ్మ ఆపమన్నారు. ఎందుకని అడిగితే తర్వాత చెబుతానన్నారు.

ఎడమకంటి ఆపరేషన్‌కి ఇచ్చిన రోజు వచ్చింది, పోయింది. జలుబన్నారు. ఆసుపత్రివాళ్ళు ఇంకో రోజిచ్చారు. వానన్నారు. ఇలా మీనమేషాలు లెక్కపెడుతుంటే ఆవిడకి అర్థం కాలేదు. భయం ఉన్న మనిషైతే మొదటిదే చేయించుకోడు కదా. రెండు కళ్ళకీ పొత్తు కుదరక మెట్టు ఒకచోట ఉంటే ఆయన పాదం ఇంకోచోట పడుతోంది. టీ పోస్తే సాసర్లో పడుతోంది. ఒక సాయంత్రం టెలిస్కోపు గొట్టం చంకలో పెట్టుకుని డాబా దిగుతూ ఆఖరి మెట్టు ఉందనుకోక, ధబీమని కూలబడ్డారు. గొట్టానికి ఏమీ కాలేదు, మోచెయ్యి గీరుకుపోయింది. ఆవిడ పరుగెత్తుకొచ్చి, లేపి, చెయ్యి కడిగి, పక్కన కూర్చుంది. తిట్టలేదు. తిట్టకపోయేసరికి ఆయనకి నిజంగా భయం వేసింది.

"ఎందుకు వాయిదా వేస్తున్నారో నాకు చెప్పండి," అంది. "దెబ్బ తలకి తగిలుంటే నేనేం కాను?"

ఆయన మోచేతి వంక చూసుకుంటూ చెప్పారు. "నువ్వన్నది నిజమే. నీలమే. రెండేళ్ళ బొమ్మలూ నీలమే. అవి బావున్నాయని చెప్పే కన్ను లోకంలో ఇదొక్కటే మిగిలింది. దీన్నీ బాగుచేయించేస్తే ఇక వాటికి ఎవరూ ఉండరు. రెండేళ్ళు నేను చేసిందంతా ముసలివాడి పొరపాటు కింద తేలిపోతుంది."

రెండేళ్ళుగా తను గెలవాలనుకున్న పందెం గెలిచింది ఆవిడ. అయినా ఏ సంతోషమూ కలగలేదు. "ఆ కంటికి చంద్రుడు ఎలా కనిపిస్తాడో నాకు చూపించగలరా?" అని అడిగింది.

ఆయన తలెత్తి చూశారు. అది ఆయన విద్యకి తగిన ప్రశ్న.

మర్నాడు సాయంత్రం, వీధిదీపాలు అప్పుడప్పుడే వెలుగుతుండగా ఇద్దరూ డాబా ఎక్కారు. గొట్టం ఆవిడే మోసింది. ఎదురింటి నీళ్ళట్యాంకు పైన అర్ధచంద్రుడు ఉన్నాడు. ఫోను బిగించి ఒక ఫొటో తీసి, ఏమీ దిద్దకుండా పక్కన పెట్టుకున్నారు. తర్వాత క్లాంపు తీసేసి, టెలిస్కోపులో ఎడమకంటితో చూడటం, దాన్ని మూసి కుడికంటితో ఫోను చూడటం, రంగు కొంచెం జరపడం, మళ్ళీ ఎడమకన్ను. పసుపు పెంచారు. చాలలేదు, ఇంకా పెంచారు. వెలుగు తగ్గించారు. గీతల పదును తీసేశారు. రెండు కళ్ళూ ఒకే మాట చెప్పేదాకా సరిచూసి, అప్పుడు ఫోను ఆవిడ చేతికిచ్చారు. "ఇదిగో. నాకు కనిపించింది ఇదే."

డికాక్షన్ మరక లాంటి చంద్రుడు. అంచు ఎక్కడ మొదలవుతుందో తెలియదు. గుంటల చోట ఏవో మసకలు. ఆవిడ పైన చంద్రుణ్ణి చూసింది, చేతిలో మరకని చూసింది. తర్వాత ఫోనులో వెనక్కి వెళ్ళి, లైబ్రరీకి ఏరిన నీలం బొమ్మ తెరిచింది. అందులో ప్రతి గుంటా అంచు కట్టినట్టుంది. వెలుగూ నీడా కలిసే గీత పొడుగునా కొండల కొనలు ఒక్కొక్కటీ మెరుస్తున్నాయి.

"ఈ మరకలోంచా మీరు ఇవన్నీ తీసింది?"

"ఎక్కడేముండాలో తెలుసుగా. తెలుపు ఎలా ఉండాలో కూడా గుర్తుంది. కనిపించేదాకా లాగుతూ పోయాను."

మిషను ఆపకుండా తను అన్న "నీలం" లన్నీ ఒక్కసారి ఆవిడ చెవిన పడ్డాయి. ఈ మనిషి మసక గాజులోంచి చూస్తూ ఇంత పని చేస్తుంటే తను తలైనా తిప్పి చూడలేదు. ఆ మాటే పైకి అంది. ఆయన "నువ్వన్నది తప్పు కాదుగా" అన్నారు. "తప్పని కాదు," అంది ఆవిడ. ఇద్దరూ గొట్టం పట్టుకుని కిందకి దిగారు. వచ్చే వారం ఆపరేషన్‌కి వస్తామని ఆయనే ఆసుపత్రికి ఫోను చేశారు.

ఎడమకన్ను కూడా అయింది. కట్టు విప్పి ఇంటికొచ్చాక, చెప్పులు విడవకముందే ఫోను తీసి లైబ్రరీ బొమ్మ చూశారు. ఒక కన్ను మూశారు, రెండోది మూశారు. ఇప్పుడు రెండిటిదీ ఒకే మాట. తెలిసిన సంగతే అయినా మొహం వాడిపోయింది.

"నీలం కొడుతోంది," అన్నారు.

"కొట్టనివ్వండి, బావుంది," అంది ఆవిడ. "పెద్దదిగా వేయించమని పళ్ళ డాక్టరుగారికి చెప్పేశాను. కన్ను సంగతీ చెప్పాను. ఇంకా పెద్దదిగా వేయిస్తామన్నారు."

"ఎవర్నడిగి చెప్పావు?"

"మీ ఎడమకన్నునే. నిన్న అది ఉండగానే చెప్పాను."

ఆయన చెప్పులు విడిచి లోపలికొచ్చారు. ఆవిడ మిషను ముందు కూర్చుని, సగంలో ఆపిన జాకెట్టు చేతిలోకి తీసుకుంది.