అరుణకుమారి ఆటపెట్టెకు రంగులు

ప్రొద్దుటూరులో గోడలకు కూడా పార్టీలుండిన రోజులవి. ఎన్నికలొస్తాయన్న మాట వినబడితే చాలు, కుంచెలూ బక్కెట్లూ పట్టుకొని మనుషులు వీధుల్లోకి దిగేవాళ్లు. గోడకు ఓ మూల పార్టీ పేరు గిలికి, పక్కన ‘రిజర్వు’ అని రాసి పోయేవాళ్లు. ఆ తర్వాత ఆ గోడ ఇంటివాళ్లది కాదు. అరుణకుమారి ఇంటి గోడ మాత్రం ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. ఆమె మీద గౌరవంతో వదిలారనుకునేరు. అది ఉప్పు పట్టిన గోడ. ఏ రంగు పూసినా వారం తిరిగేసరికి పొరలుగా రాలిపోయేది. రెండు పార్టీల వాళ్లూ తలా ఒకసారి పూసి చూసి, దండం పెట్టి వదిలేశారు.

ఆమె భర్త జయకర్ బస్టాండు దగ్గర వీడియో గేముల అంగడి నడిపేవాడు. ఒక్కో ఆటపెట్టె బీరువా అంత ఉండేది. చెక్క పెట్టె, లోపల టీవీ, ముందర ఇద్దరు పక్కపక్కన నిలబడి ఆడేందుకు రెండు కడ్డీలూ గుండీలూ. ముందున్న సన్న సందులో రూపాయి బిళ్ళ వేస్తే ఆట మొదలయ్యేది. జమ్మలమడుగు బస్సు దిగినవాళ్లూ, పులివెందుల బస్సు దిగినవాళ్లూ ఊళ్లో పని చూసుకోకముందే అక్కడికి పోయేవాళ్లు. తమ ఊళ్లల్లో ఒకరి వీధిలోకి ఒకరు అడుగు పెట్టని పిల్లకాయలు అక్కడ భుజాలు రాసుకుంటూ నిలబడేవాళ్లు. “మీదే పార్టీ జయన్నా?” అని ఎవరన్నా అడిగితే, “బిళ్ళ ఏసినోని పార్టీ” అని నవ్వేవాడు జయకర్.

ఒక బంద్ రోజు ఆ అంగడి మీద రాళ్లు పడ్డాయి. వేసిందెవరో ఎవరూ చెప్పలేదు. అద్దాలు పగిలిన పెట్టెలన్నీ పాత సామాన్లకు పోగా, ఒక్కదాన్ని తోపుడు బండి మీద ఇంటికి తెచ్చుకున్నాడు. “ఈ ఎన్నికలు అయిపోనీ, బాగు చేస్తా” అన్నాడు. అసెంబ్లీవి పోతే మున్సిపాలిటీవి, అవి పోతే సొసైటీవి. ఎన్నికలు అయిపోవడమనేదే లేదు ఆ సీమలో. చివరికి జయకరే పోయాడు. గుండెలో ఏదో పట్టేసినట్టుందని మంచం మీద కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు.

పెట్టె మాత్రం నడవలో ఉండిపోయింది. అత్త యేసమ్మ దాని మీద వడియాల చేటలు పెట్టేది. వెనక తలుపు ఊడిపోయిన చోట నల్లకోడి దూరి గుడ్లు పెట్టేది. సంవత్సరం తిరిగి, జయకర్ పేరున ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక జరిగింది. పాస్టరుగారు ప్రార్థన ముగించి పోయాక, ఆ వారంలోనే వీధిలో పాత సామాన్ల వాడు కేక వేశాడు. యేసమ్మ వాణ్ణి లోపలికి పిలిచింది.

“ఇయ్యను” అంది అరుణకుమారి.

కోడలు నోరు తెరిచి మాట్లాడి చాలా రోజులైంది కాబట్టి, యేసమ్మ ముందు ఆ గొంతెవరిదా అని వాకిలి వైపు చూసింది.

“ఏం చేసుకుంటావు మేయ్ దాన్ని? కోడిగూడా?”

“బాగు చేస్తా. వసారాలో పెడతా. అందరూ వచ్చి ఆడుకుంటారు.”

“అందరూనా? ఈ ఊళ్లో అందరూ అనేటోళ్లు యాడుండారు? ఈళ్లుండారు, ఆళ్లుండారు.”

“ఆయన అంగట్లో ఉండిరి గదా.”

అత్త పెట్టె మీది చేటలు దించుకొని లోపలికి పోయింది. పాత సామాన్ల వాడు ఉట్టి సంచీతో పోయాడు.

అరుణకుమారి ఐదో తరగతితో బడి మానేసింది. పెట్టె లోపల ఏముంటుందో ఆమెకు తెలియదు. కానీ చెక్క సంగతి తెలుసు. పెట్టెను పక్కకు వంచి చూస్తే అడుగు పలకను చెదలు తినేశాయి. చెడిన మేరకు గీకి పారేసి, కిరసనాయిలు పట్టించి, ఎండబెట్టింది. చింతగింజలు ఉడికించి రుబ్బి, ఆ జిగురులో రంపపు పొట్టు కలిపి గుంటలన్నీ పూడ్చింది. ఆరిన తర్వాత ఉప్పుకాగితంతో రుద్దితే చెయ్యి జారిపోయేంత నున్నగా వచ్చింది. చెక్క గుంటలకని కొట్టులో అమ్మే మక్కు కంటే గట్టి.

లోపలి పని మౌలాలిది. రేడియోలు, టీవీలు బాగు చేసేవాడు, జయకర్ స్నేహితుడు. ఎలుకలు కొరికిన తీగలు చూసి తల పట్టుకున్నాడు.

“వదినా, దీంట్లో తీగల కంటే కోడిరెట్ట ఎక్కువుండాది.”

“అది నేను కడుగుతా. తీగలు నువ్వు చూసుకో.”

“కడుగుతావా! నీళ్లు తగిలితే బోర్డు సచ్చిపోతాది. కుంచెతో దులుపు. ఆ టీవీ ట్యూబు జోలికి మాత్రం పోవద్దు. తీగ పీకినాక కూడా తంతాది, గాడిద మాదిరి.”

ఆమె పాత కుంచెతో, పాత దూదితో ఓపిగ్గా తుడిచింది. ఎడమ కడ్డీ గుండు ఒకవైపు అరిగిపోయి ఉంది. కొత్త పెట్టె వచ్చినప్పుడల్లా జయకర్ ముందుగా ఆడి చూసేది ఎడమ పక్కనే. మౌలాలి కొత్త గుండు బిగించబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. అతడు కొత్తది జేబులో వేసుకున్నాడు.

కరెంటు పెట్టి చూసి, ఆపి, ట్యూబులో మిగిలిన కరెంటు తీయడానికి మౌలాలి తీగ చుట్టిన స్క్రూడ్రైవరు తాకించాడు. టప్పుమంది. ఎదురింటి తలుపు దడాలున మూసుకుంది. వీధి కొళాయి దగ్గర బిందెలు వదిలేసి ఆడవాళ్లు పరుగెత్తారు.

“బాంబు కాదప్పా! టీవీ!” అని యేసమ్మ వీధిలోకి పోయి అరవాల్సి వచ్చింది.

బొమ్మ వెలిగిన రోజున అరుణకుమారి దాని ముందు చాలాసేపు నిలబడింది. జమ్మలమడుగు మిషను ఆవరణలో ఆమె తల్లి దీవెనమ్మ దొరసానుల దగ్గర గళ్ళకుట్టు నేర్చుకుంది. గుడ్డ మీద చిన్న చిన్న గళ్ళు లెక్కపెట్టుకుంటూ చిలకలూ తీగలూ కుట్టేది. కూతురికీ నేర్పింది. తెర మీది విమానాలు, మేఘాలు, మంటలు అన్నీ దగ్గరికి పోయి చూస్తే గళ్ళే. ఇన్నేళ్లు భర్త చూసుకున్న వస్తువులో తన చేతి పని ఉందని ఆమెకు అప్పుడు తెలిసింది. పెట్టె ముందు భాగమంతా గళ్ళ చిలకలు వేయాలని అక్కడే అనుకుంది.

చిక్కంతా పక్క పలకలతో వచ్చింది. వీధిలోకి కనబడేవి అవి.

“నీలం ఏస్తా అత్తా.”

“నీలం ఏస్తే మన పేటోళ్లందరూ కలిసి కొత్త పార్టీ పెట్టినారంటారు.”

“పోనీ, ఎరుపు?”

“ఎర్రజెండా ఆఫీసనుకొని చందాలకొస్తారు.”

“తెలుపు?”

“తెలుపు సమాధికి ఏస్తారు. ఒగటి చాల్లేదా?”

అన్నాక యేసమ్మే నోటి మీద కొంగు పెట్టుకుంది. కొడుకు సమాధికి మొన్ననే సున్నం కొట్టించి వచ్చారు. 

ఈ సంగతి ఎట్లా పొక్కిందో గానీ, మరునాడే ఓబులేసు వచ్చాడు. జమ్మలమడుగు నుంచి వచ్చి ఈ ఊళ్లోనే ఉండిపోయినవాడు. పసుపు పార్టీకి గోడరాతలన్నీ అతనివే. ఒకప్పుడు జయకర్ అంగట్లో పూటలు పూటలు గడిపినవాడు. చేతిలో పసుపు రంగు డబ్బా ఉంది.

“అక్కా, రంగు దొరకలేదంటివంట. జయన్న పెట్టెకు నేనుండి రంగు లేకుండా పోతాదా?”

డబ్బా గట్టు మీద పెట్టి పోయాడు. అతను మలుపు తిరగకముందే నారాయణ వచ్చాడు. పులివెందుల నుంచి వచ్చి ఇక్కడే ఉంటూ మూడు రంగుల పార్టీ ఆఫీసు చూసుకునేవాడు. అతనూ జయకర్ అంగడి మనిషే. రెండు చేతుల్లో కాషాయం డబ్బా, ఆకుపచ్చ డబ్బా.

“తెలుపు మీ సున్నం సరిపోతాది గదక్కా” అని పసుపు డబ్బా వైపు ఓరగా చూసి, అతనూ పెట్టి పోయాడు.

యేసమ్మ నెత్తి కొట్టుకుంది. “ఒకని రంగు ఏస్తే ఇంగొకడు పగలగొడతాడు. రెండూ తిప్పి పంపిస్తే ఇద్దరూ పగలగొడతారు. నా మాట విని ఆ పాత సామాన్లోణ్ణి పిలువు.”

అత్త చెప్పిందాంట్లో అబద్ధం లేదు. పెట్టె ఒక పార్టీది అయిందంటే మళ్లీ రాళ్లు పడతాయి. అంతకంటే, చచ్చిపోయిన మనిషిని తెచ్చి ఒక పార్టీలో చేర్చినట్టవుతుంది. బతికినన్నాళ్లు ఎవరికీ దొరకనివాడు. అరుణకుమారి వసారాలోకి పోయి నిలబడి చూసింది. వాళ్లది రెండు సందులు కలిసే మూల ఇల్లు. పడమటి సందులోంచి వచ్చేవాళ్లకు పెట్టె ఎడమ పక్క కనబడుతుంది. తూర్పు సందులోంచి వచ్చేవాళ్లకు కుడి పక్క. ముందుకొచ్చి ఆడేవాడికి రెండు పక్కలూ కనబడవు.

కొంగు నడుముకు బిగించి మూడు డబ్బాల మూతలూ తీసింది. ఓబులేసు వచ్చే పడమటి వైపు పసుపు. నారాయణ వచ్చే తూర్పు వైపు మూడు పట్టీలు. ముందర మాత్రం చిన్న గళ్ళతో రెండు చిలకలు, చుట్టూ తీగ.

కొన్నాళ్లు బ్రహ్మాండంగా జరిగింది. పడమటి సందువాళ్లు “మన పెట్టె” అని వచ్చేవాళ్లు. తూర్పు సందువాళ్లూ “మన పెట్టె” అనే వచ్చేవాళ్లు. ఎవరూ చుట్టూ తిరిగి చూడలేదు. ఈ ఊళ్లో తనది కాని వీధిలోకి ఎవడు పోతాడు?

ఒక మధ్యాహ్నం ఓబులేసు తన మనుషుల్ని వెంటబెట్టుకొని పెట్టె చూపించడానికి వచ్చాడు. “చూడండ్రా, జయన్న పెండ్లాము మన మనిషి” అంటున్నాడు. అదే మాట తూర్పు వైపు నుంచి నారాయణ గొంతుతో వినబడింది. రెండు గుంపులూ మూల మీద ఎదురుపడ్డాయి. నారాయణ వచ్చి పసుపు పలక చూశాడు. ఓబులేసు పోయి మూడు రంగుల పలక చూశాడు. వీధిలో తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

“ఏందక్కా ఇది?” అన్నాడు ఓబులేసు.

“పెట్టె” అంది అరుణకుమారి. చేతిలో చీపురుంది. వసారా ఊడుస్తోంది.

“వాని రంగు పలక పీకేయి.”

“పీకాల్సింది నీది” అన్నాడు నారాయణ. వెనక ఒకడు వంగి రాయి అందుకున్నాడు.

“పీకండప్పా” అందామె. గొంతు పెంచలేదు. “యా పలకన్నా పీకండి. ఈ టీవీ ఆ రెండు పలకల మీదనే నిలబడుండాది. ఒగటి పీకితే ముందుకు పడతాది. ట్యూబు పగిలితే ఎట్లుంటాదో మౌలాలి చెప్తాడు. పడేది పీకినోని కాళ్ల మీద.”

“నువ్వు యా పక్కో తేల్చి చెప్పు ముందు” అన్నాడు ఓబులేసు.

“ఆ పక్క నువ్విచ్చిన రంగు, ఈ పక్క అతనిచ్చిన రంగు. ముందర నాది. నేను ముందర పక్క.”

ఎవరో కిసుక్కున నవ్వారు. నారాయణకు కోపం వచ్చింది. “ఆడి గెలిచినోడు వాని రంగు ఉంచుకుంటాడు. సరేనారా?” అన్నాడు. “రా మళ్ల!” అన్నాడు ఓబులేసు. రాయి పట్టుకున్నవాడు కూడా చూద్దామని ముందుకొచ్చాడు.

ఇద్దరూ బిళ్ళలు వేశారు. తెర మీద రెండు విమానాలు లేచాయి. ఓబులేసు తన విమానాన్ని తిప్పి నారాయణ దాని మీద గుండ్లు కురిపించాడు. నారాయణా అదే పని చేశాడు. రెండింటికీ ఏమీ కాలేదు. పైనుంచి శత్రు విమానాలు వచ్చి ఇద్దర్నీ కూల్చేశాయి.

“నా గుండు వానికి తగల్లేదే! పెట్టె చెడిపోయింది” అన్నాడు ఓబులేసు.

“చెడిపోలేదప్పా” అన్నాడు అప్పుడే వచ్చిన మౌలాలి. “ఇది పాత అంగట్లో మీరు కొట్లాడుకున్న ఆట కాదు. ఆ బోర్డు కాలిపోతే ఇంగొగటి ఏసినా. దీంట్లో ఇద్దరూ ఒగటే. శత్రువులు పైనుంచి వస్తారు.”

“ఇదేం ఆట?” అన్నాడు నారాయణ చిరాగ్గా. మళ్లీ బిళ్ళ వేశాడు. “నువ్వు కుడివైపు చూస్కో. నేను ఎడమ. రేయ్, కుడి అంటే ఎడమకు పోతావేంరా!”

“నువ్వు నేర్పొద్దు నాకు!”

తిట్టుకుంటూనే ఆటలో రెండో మెట్టు దాటారు. మూడో మెట్టులో తెరంత విమానం వచ్చి ఇద్దర్నీ కూల్చింది. నీ వల్లంటే నీ వల్లని అరుచుకుంటూ ఎవరి సందులోకి వాళ్లు పోయారు. పోయేటప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పలకల మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. నేల మీద పడి ఉన్న రాయిని యేసమ్మ తీసుకుపోయి తలుపుకు అడ్డం పెట్టుకుంది.

మూడు రోజులు ఎవరూ రాలేదు. నాలుగో రోజు పొద్దున ఓబులేసు ఒంటరిగా వచ్చాడు. బిళ్ళ వేసి, ఒక్కడే ఆడి, మూడో మెట్టులో కూలాడు. మళ్లీ వేశాడు, మళ్లీ కూలాడు. అరుణకుమారి అప్పుడే గచ్చు తుడిచి గుడ్డ బక్కెట్టులోకి పిండుతోంది.

“అక్కా, ఇది ఒక్కనితో అయ్యే పని కాదు.”

“అవునంట. మౌలాలి చెప్పినాడు.”

“మావోళ్లకు ఎవనికీ కడ్డీ పట్టుకోవడం రాదు.” కాసేపు గుండీలు ఊరికే నొక్కాడు. “నారాయణకు కబురు పెట్టగూడదా నువ్వు?”

“నేనేంటికి పెట్టాల? నీకు కాళ్లు లేవా?”

ఓబులేసు పడమటి సందు వైపు ఒకసారి చూశాడు. అక్కడెవరూ లేరు. తువ్వాలు భుజం మీద సర్దుకొని, పెట్టె ముందు నుంచి తిరిగి, మూడు రంగుల పక్కగా నడిచి తూర్పు సందులోకి దిగాడు.

“వచ్చేటప్పుడు ఇద్దరూ చెప్పులు బయట ఇడవండి!” అని అరుణకుమారి వెనక నుంచి కేకేసింది. “ఇప్పుడే తుడిచినా!”