హైటెక్ సిటీ పక్కన తెగులు పట్టిన వరి

ఆఫీసులో అందరూ చూసొచ్చి గొప్పలు చెబుతుంటే ఉండబట్టలేక, పోయిన ఆదివారం నేనూ హైటెక్ సిటీకి బయల్దేరాను. అమీర్‌పేటలో బస్సెక్కి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో దిగి, ఆటో మాట్లాడుకున్నాను. రానూపోనూ ఎనభై రూపాయలు. లోపలికి రానివ్వరు కదా, అద్దాల మేడను బయట నిలబడి ఎంతసేపని చూస్తాం! మణికొండ వైపు చెరువు బాగుంటుందని డ్రైవర్ అటు పోనిచ్చాడు.

దారిలో పండిన వరి కనబడితే ఫొటో తీయబోయాను. గట్టు మీదున్న బాలమణి అనే ఆమె కసిరింది. "అది పండుడు గాదమ్మా, రోగం!"

దగ్గరికెళ్లి చూశాను. మడి మడంతా నారింజ రంగుకు తిరిగి, గిడసబారిపోయింది. పచ్చ దీపపు పురుగులు రసం పీలుస్తూ వైరస్ అంటిస్తాయట. సోకిన మొక్కను ఏ మందూ బతికించదు. పురుగును చంపి, మిగతా పైరును కాపాడుకోవాలంతే. వాళ్లకు మిగిలింది పక్కనున్న పచ్చ మడి ఒక్కటే, ఏడాది తిండీ అదే. ఆమె భర్త సాయిలు ఎన్నిసార్లు మందు కొట్టినా ప్రహరీ అవతల నుంచి పురుగు వస్తూనే ఉంది. అవతలి పొలం అమ్ముడుపోయి ప్లాట్లయింది. కోసిన దుబ్బులు వానలకు మళ్లీ చిగిర్చాయి. అక్కడ మందు కొట్టే నాథుడు లేడు.

"వాచ్‌మన్ మమ్ముల రానియ్యడు. ప్లాటు కొంటనని జర నువ్వు చెప్పమ్మా, గేటు తీస్తడు," అంది. సాయిలు మాత్రం వద్దు వద్దని గొణిగాడు.

నేను ప్లాటు కొనడమా! అద్దె కట్టడమే గగనం. అయినా వెళ్లి అడిగాను. వాచ్‌మన్ కుర్చీ కూడా వేశాడు! దుబ్బుల్లో కాలు పెట్టగానే పురుగులు గుప్పున లేచాయి. అమ్మబాబోయ్! "ఈ పురుగుల్లో నేనేం చూస్తానండీ? ముందు మందు కొట్టించండి," అన్నాను. వాచ్‌మన్ సరేనని పిలవగానే సాయిలు పంపు తగిలించుకుని లోపలికి వచ్చాడు.

మందు పడుతుంటే వాచ్‌మన్ నా దగ్గరికి జరిగాడు. "ఇది నచ్చకుంటే పక్కన పచ్చ మడి ఉంది మేడం. గీ సాయిలే అమ్ముతనని మొన్న మా సేటు కాడ బయానా తీసుకున్నడు."

గేటు దగ్గర నిలబడ్డ బాలమణి అంతా వింది.

"నా పేరు మీదున్న మడి అమ్మినవా?"

"ఎంత కొట్టినా పురుగు ఆగకపాయె. ఆశ తెగింది," అన్నాడు సాయిలు తల వంచుకుని.

ఇంటికొచ్చినా అదే ఆలోచన. గోడ అవతలి వాళ్లకు పట్టనప్పుడు ఇవతలి మనిషి ఎంతకని కొడతాడు? మీరూ అటు వెళితే ఒక జాగ్రత్త: మందు కొట్టేచోట గాలి వచ్చే వైపే నిలబడండి. ఆ రోజు నేను తెలియక మందు కొట్టుకొచ్చే వైపు నిలబడి దగ్గుతూనే ఉన్నాను. అప్పుడే బాలమణి భర్త వీపు మీది పంపు విప్పి తను తగిలించుకుంది.

"ఇగ నువ్వు పోయి బయానా వాపస్ ఇచ్చి రా," అంది.