బావమరిది కాళ్ళు, నా వడ్డన

నాకు మందు, పేకాట అలవాటు లేవు. నా దుర్గుణమల్లా వడ్డన. మా భీమవరం వైపు ఎదుటివాడు వద్దండి అంటే అది మొహమాటం కిందే జమ. ఆకుకి చేతులు అడ్డం పెడితే వేళ్ళ మీదే వడ్డిస్తాం. ఈ విద్యలో నన్ను మించినవాడు మా బంధువుల్లో లేడని నాకు గర్వంగా కూడా ఉండేది.

నా భార్య తమ్ముడు సామర్లకోటలో ఉంటాడు. అతనికి పుట్టుకతోనే ఒక జబ్బుంది. కండరాల కణాల గోడల్లో లవణాలు వచ్చిపోయే సన్నని దారులుంటాయట, వాటిని ఛానళ్ళంటారు. అతని ఛానళ్ళు సరిగ్గా పనిచెయ్యవు. తీపీ అన్నమూ బాగా తిని పడుకుంటే రక్తంలో పొటాషియం పడిపోయి, తెల్లారేసరికి కాళ్ళు మాట వినవు. ఇదంతా అతను నాకు ఓపిగ్గా చెప్పాడు. నేను రొయ్యల చెరువులవాణ్ణి. రొయ్యలు ఒళ్ళు బిగిసి ముడుచుకుపోతే నీళ్ళలో పొటాష్ చల్లుతాం కాబట్టి, ఇక నాకు తెలియనిది లేదనుకున్నాను. మా షెడ్డులో బస్తాలున్నాయిలే అన్నాను. అతను నవ్వలేదు.

ఈ ఏడు అతనికి మా ఊళ్ళోనే సంబంధం చూశాం. మధ్యవర్తిని నేనే. జబ్బు సంగతి అమ్మాయి వాళ్ళకి ముందే చెప్పమన్నాడు. చెబుతాలే అన్నాను, చెప్పలేదు. మర్నాడు ఉదయం వాళ్ళు మా ఇంటికొచ్చి మాట ఖాయం చేసుకుంటారనగా, ముందు రాత్రే మా ఇంట్లో దిగిన అతని కోసం ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించాను. బొబ్బట్లు, పులిహోర సరేసరి. అతను వద్దన్నాడు. నా భార్య కూడా వద్దంది. పెళ్ళికొడుకు కాబోయేవాడు మా ఇంట్లో అర్ధాకలితో పడుకుంటే మా పరువేం కానని, పూతరేకులు అతని వేళ్ళ మీదే పెట్టేశాను. మర్యాదస్తుడు, తినేశాడు.

పొద్దున్నే పిలిచాడు. "బావా, కాళ్ళు రావట్లేదు."

సిగ్గుపడుతున్నాడనుకుని, చంకల కింద చేతులేసి లేవదీశాను. తడి తువ్వాలులా నా మీద వాలిపోయాడు. ఇద్దరం కలిసి మంచం మీద పడ్డాం. అప్పుడు భయమేసింది. ఆ కంగారులో షెడ్డుకి పరిగెత్తి, చెరువుకి వేసే పొటాష్ గ్లాసుడు నీళ్ళలో కలిపి తెచ్చాను. నా భార్య గ్లాసు లాక్కుని పెరట్లో పారబోసింది.

"వాడు నా తమ్ముడండీ, రొయ్య కాదు" అంది.

ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరుగారు ఈసీజీ తీసి, రక్తం పరీక్ష చేసి, పొటాషియం మందు పట్టించారు. గుండెకేం భయం లేదని, సాయంత్రానికి కాళ్ళు వస్తాయని చెప్పి, రాత్రి ఏం తిన్నాడని అడిగారు. అందరూ నా వైపు చూశారు.

ఈలోగా అమ్మాయి, వాళ్ళ నాన్నగారు అక్కడికే వచ్చేశారు. బాత్రూంలో జారిపడ్డాడని చెప్పాను.

"జారిపడలేదండి. నా జబ్బు సంగతి బావ మీతో చెప్పాడనుకున్నాను" అన్నాడు బావమరిది.

ఇక దాచడానికి నా దగ్గరేమీ మిగల్లేదు. చెప్పకపోవడం, బలవంతంగా పెట్టడం, రెండూ ఒప్పుకున్నాను. పెద్దాయన డాక్టరుగారి గదిలోకి వెళ్ళి చాలాసేపు కూర్చున్నారు. తిండి విషయంలో జాగ్రత్తపడుతూ మందులు వాడితే మామూలుగానే బతకవచ్చని, పిల్లలకి వచ్చే అవకాశం మాత్రం ఉందని, దానికీ పరీక్షలున్నాయని డాక్టరుగారు చెప్పారట. బయట అమ్మాయి అతని మంచం పక్కన నిలబడింది.

"వద్దని చెప్పలేకపోయారా?"

"చెప్పానండి."

"ఎన్నిసార్లు?"

"ఆయన పెట్టినన్ని సార్లూ చెప్పానండి."

అమ్మాయి నవ్వాపుకుంది. నా వైపు తిరిగినప్పుడు మాత్రం ఆ నవ్వు లేదు.

సాయంత్రం అతను గోడ పట్టుకుని నాలుగడుగులు వేశాక, తండ్రీ కూతురూ వరండాలో మాట్లాడుకుని వచ్చారు. సంబంధం ఖాయమేనన్నారు పెద్దాయన. ఒక్కటే షరతు, అది తన కూతురిదట.

"పెళ్ళిలో మీరు వడ్డన వైపు రాకండి. అబ్బాయి పక్కనే కూర్చోండి. అతను వద్దన్నవన్నీ మీరే తినాలి."

నాకు షుగరుందని చెప్పబోయాను. నా భార్య చూసిన చూపుకి, అలాగేనండి అన్నాను.