చప్పటి ఖుర్మా

ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు విప్పే ఆసిమ్ మేస్త్రీకి లోకంలో ఒక్కటే శత్రువు: పంచదార. రంజాన్ పండగనాడు ఊళ్లో వాళ్లంతా పాలు, సేమ్యా, ఖర్జూరాలు, పంచదార కలిపి కమ్మగా షీర్ ఖుర్మా కాచుకుంటుంటే, ఆయన భార్య ముబీనాను పొయ్యి దగ్గర్నుంచి లేపి తానే గరిటె పట్టేవాడు.

ఒక ఏడు నెయ్యి తీసేశాడు. మరుసటేడు సేమ్యా బదులు సొరకాయ తురిమాడు. ఆ తర్వాత మెంతులు చేరాయి. పంచదార మాత్రం ఆ గిన్నె మొహం చూడలేదు.

"ఏంటి మేస్త్రీ, ఇది పండగా, పథ్యమా?" అనేవాడు పక్క స్పేర్‌పార్టుల షాపు బసవపున్నయ్య.

"ఇంజన్లో ఏ ఆయిలు పడితే అది పోస్తామా పున్నయ్యగారూ? తాగండి, లోపలంతా శుభ్రపడుద్ది."

"ఇది ఆయిలు కాదయ్యా, రేడియేటర్ నీళ్లు!"

చుట్టాలు పకపకా నవ్వేవారు. ఆసిమ్ అందరికంటే గట్టిగా నవ్వి, పున్నయ్య గ్లాసు మళ్లీ నింపేవాడు.

బసవపున్నయ్య తక్కువ తిన్నాడా? తనకు షుగరుందన్న సంగతి బయట పొక్కనివ్వని మనిషి. తెలిస్తే పెళ్లిళ్లలో లడ్డూ వడ్డించరని భయం. ఏటా జేబులో పంచదార పొట్లంతో పండక్కి వచ్చి, ఆసిమ్ అటు తిరగ్గానే గ్లాసులో ఒంపుకుని, వేలితో కలిపి, గెలిచినట్టు తాగేవాడు.

రెండువేల ఆరు వేసవిలో ఆసిమ్ గుండెపోటుతో పోయాడు. ఆ రంజాన్‌కి బసవపున్నయ్య అలవాటు కొద్దీ పొట్లంతోనే వెళ్లాడు. ఇల్లంతా నెయ్యి వాసన. అందరి చేతుల్లోనూ అసలు సిసలు ఖుర్మా. ముబీనా ఆయనకు మాత్రం వేరే గ్లాసు తెచ్చింది. గుక్కెడు తాగాడు. అదే సొరకాయ, అదే చప్పదనం.

"ఇదేంటమ్మా, నాకొక్కడికే?"

"మీ వేలికి తగిలిన దెబ్బ నెలలు గడిచినా మానకపోతేనే ఆయనకి అర్థమైపోయిందన్నయ్యగారూ. మీకొక్కరికే వేరేగా ఇస్తే చిన్నబుచ్చుకుంటారని ఇంటిల్లిపాదికీ అదే పోసేవారు. నాకంత ఓపిక లేదండీ. పిల్లలు కూడా ఒప్పుకోలేదు."

బసవపున్నయ్య చేతిలోని గ్లాసు వంక చూశాడు. పండగపూట ఇంటెడుమంది తీపి మానుకున్నది తన కోసమా! ఆ మేస్త్రీని ఎన్నేసి మాటలన్నాడు! ఒక్క ఏడైనా బాగుందని అనలేదు. ఇప్పుడందామంటే వినేవాడు లేడు.

జేబులోంచి పొట్లం తీసి ముబీనా చేతిలో పెట్టాడు. "మేస్త్రీకి తెలీకుండా తెచ్చేవాణ్ణమ్మా."

ముబీనాకు నవ్వాగలేదు. "తెలీకపోవడమేంటండీ! అందుకేగా మీ గ్లాసులో మెంతులు ఎక్కువ వేసేవారు!"

బసవపున్నయ్య గ్లాసు పూర్తిగా ఖాళీ చేశాడు. చిట్లించిన మొహంతోనే దాన్ని ముందుకు చాపి, "చాలా బాగుందమ్మా, ఇంకాస్త పొయ్యి. మెంతులు కూడా వెయ్యి" అన్నాడు.