పెద్దాయన వాళ్ళమ్మ బొమ్మ

ఉద్యోగమంటే తలమీద ఫ్యాను తిరుగుతున్న కుర్చీ అని గట్టిగా నమ్మిన రోజులవి. డిగ్రీ పాసై, టైపింగు నేర్చుకుని (కంప్యూటరు మీదే లెండి, మరీ అంత పాతకాలం మనిషిని కాను) రోజూ ఖైరతాబాద్‌లో బస్సెక్కి ఆబిడ్స్‌లో దిగేదాన్ని. దిగగానే దుపట్టా సర్దుకుని, ఈ ఊరి వ్యాపారమంతా నా భుజాల మీదే నడుస్తున్నట్టు నడిచేదాన్ని. నిజానికి నా మీద ఆధారపడింది ఆఫీసులోని జిరాక్స్ మిషను ఒక్కటే. దాన్ని పక్కనుంచి ఒకటి చరిస్తేగాని కాగితం బయటికి వచ్చేది కాదు, ఎక్కడ చరచాలో నాకే తెలుసు.

మాది ఒక పెద్ద వ్యాపారి దానధర్మాలు చూసే ట్రస్టు. ఆయన్ని ఎదురుగా అందరూ పెద్దాయన అనేవాళ్ళు, వెనకాల మాత్రం కలుపుగోలు సారు. మనుషులతో కలివిడిగా ఉంటాడని కాదు. మనిషి నవ్వగా చూసినవాళ్ళే లేరు. కంపెనీలను కలుపుకుంటాడని ఆ పేరు. ఉస్మాన్‌గంజ్‌లో ఖాళీ సీసాలు అమ్ముతూ మొదలుపెట్టి, సబ్బుల కంపెనీని నూనెల కంపెనీలో, నూనెల కంపెనీని మందుల కంపెనీలో కలుపుకుంటూ చాలా దూరం వెళ్ళిపోయాడు. పేపర్లో 'విలీనం' అన్న మాట కనబడితే చాలు, "మీ సారు మళ్ళ ఎవర్నో మింగినట్టున్నడే" అనేది మా అమ్మ. మింగడం ఎంతో పెట్టడమూ అంతే. బడులకు గదులు, దవాఖానలకు మంచాలు, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఇచ్చేవాడు. మా మేనేజరు ప్రతి మాట చివరా 'అంతే' అనడం వల్ల అంతే సారయ్యాడు. "మన సారు ఒక చేత్తో తీస్కుంటడు, ఒక చేత్తో ఇస్తడు. అంతే" అని ఆయన మొదటిరోజే నాకు ఆఫీసు సంగతంతా చెప్పేశాడు.

ఆ ఏడు నాంపల్లిలో ఒక ధర్మాసుపత్రికి పెద్దాయన ఆడవాళ్ళ వార్డు కట్టించి, వాళ్ళమ్మ పేరు పెట్టాడు. గుమ్మంలో పెట్టడానికి ఆవిడ ఫోటో పంపమని ఆసుపత్రివాళ్ళు అడిగారు. ఆ మాట చెబితే పెద్దాయన కాసేపు కిటికీలోంచి కిందికి చూశాడు.

"ఫోటో లేదు. అప్పట్ల మాకు ఫోటోలు దిగేంత ఎక్కడిది? బొమ్మ గీపిచ్చుండ్రి."

ఆబిడ్స్ సందులో, పోయినవాళ్ళ బొమ్మలు గీసే ఒకాయన ఉండేవాడు. కాస్త పోలికలు చెబితే గీసేస్తానన్నాడు. ఆ పోలికలు కనుక్కునే పని నాకు పడింది. వందల మందికి జీతాలిచ్చే మనిషి ముందు నిలబడి "సార్, మీ అమ్మగారి ముక్కు ఎట్లా ఉండేదండీ?" అని అడగడం ఎంత కష్టమో అడిగితేగాని తెలియదు. ఆయన విసుక్కోలేదు. కళ్ళు మూసుకున్నాడు.

"చేతులు యాదికున్నయి. బీడీలు చుట్టీ చుట్టీ గరుకుగుండె. ఒళ్ళు రుద్దుతుంటే మండేది. మొకం..." అని ఆగి, "నేను జర చిన్నోణ్ణి అప్పుడు" అన్నాడు, తప్పు చేసినవాడిలాగా.

చేతుల్ని బట్టి మొహం ఎలా గీస్తాడు పాపం! మొదటి బొమ్మ అచ్చం క్యాలెండర్లో లక్ష్మీదేవిలా వచ్చింది, ఏనుగులే తక్కువ. పెద్దాయన చూసి "ఈమె ఎన్నడన్న పొయ్యి ఊదినట్టుందా?" అని పంపేశాడు. రెండోసారి బొమ్మలాయనకు ఒక ఉపాయం తట్టింది. కొడుకులకు తల్లి పోలిక వస్తుంది కదా అని, పెద్దాయన ఫోటోనే ముందు పెట్టుకుని గీశాడు. గుడ్డ తీస్తే లోపల మా పెద్దాయనే, చీర కట్టుకుని, రూపాయంత బొట్టు పెట్టుకుని, మరో కంపెనీని కలుపుకోబోతున్నంత గంభీరంగా కూర్చుని ఉన్నాడు. అంతే సారు గొంతు సవరించుకుని "మీసాలు మంచిగనే తీసిండు. అంతే" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. దుపట్టా నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. అప్పుడు పెద్దాయన నవ్వాడు. భుజాలు కదిలిపోయేలా నవ్వి, సగంలో ఆగిపోయాడు.

"అమ్మ పోలిక అక్కకొచ్చిందనేటోళ్ళు అందరు" అని చెప్పి లేచి వెళ్ళిపోయాడు.

ఆయనకు ఒక అక్క ఉందని మాకెవరికీ తెలియదు, అంతే సారుకు తప్ప. ఆయన తలుపు దగ్గరికేసి, గొంతు తగ్గించి చెప్పాడు. తల్లి పోయాక పెద్దాయన్ని పెంచింది ఆ అక్కే. నాంపల్లిలో బావకు చిన్న సబ్బుల కార్ఖానా ఉండేది, వ్యాపారం నేర్పింది ఆ బావే. తమ్ముడు పెద్దవాడై ఆ కార్ఖానాను కలుపుకున్నాడు. బావకు ఒక హోదా, ఒక గది ఇస్తానన్నాడు గాని, ఏడాది తిరిగేసరికి కార్ఖానాకు తాళం పడింది, ఆ సబ్బు పేరు కూడా లేకుండా పోయింది. "బావ రోజు టిఫిన్ డబ్బ పట్కొని పోయి, బందైన గేటు ముందట కూసొని తిని వస్తుండె. ఒక ఎండకాలం గాడనే పడి పానం ఇడిసిండు. సారు ఇంటికి పోతే అక్క తలుపు తియ్యలే. మళ్ళెన్నడు తియ్యలే. అంతే. నువ్వు గాడికి పోవద్దు."

పోవద్దంటే పోకుండా ఉండే వయసా అది! మర్నాడు మధ్యాహ్నం అన్నం మానేసి నాంపల్లికి నడిచాను. స్టేషను వెనక సందులో మూతబడ్డ సబ్బుల కార్ఖానావాళ్ళ ఇల్లు అడుగుతూ పోతే, ఒక రేకుల తలుపు ముందు పొన్నగంటికూర ఏరుతూ ఒక పెద్దావిడ కనిపించింది. సన్నగా, ఎర్రగా, తల నిండా తెల్లజుట్టు. నేను దారి పొడుగునా వల్లెవేసుకున్న మాటలన్నీ గాలికి పోయాయి.

"ఏం గావాలె పిల్లా?"

"మీ ముఖం కావాలమ్మా" అన్నాను.

ఆవిడ నవ్వింది. "గీ మొకం ఏం జేస్కుంటవే, ముడతలు లెక్కబెడ్తవా?" అంది. ఎవరి ఆఫీసు నుంచి వచ్చానో చెప్పగానే ఆ నవ్వు పోయింది. ఆకుకూర పళ్ళెం తీసుకుని లేచింది. లోపలికి వెళ్ళిపోతుందేమోనని గబగబా వార్డు సంగతి, లక్ష్మీదేవి బొమ్మ సంగతి, మీసాలు తీసేసిన బొమ్మ సంగతి చెప్పేశాను. గడపలో ఆగింది.

"దవాఖానకు అమ్మ పేరు పెట్టిండా?"

"పెట్టారమ్మా. కానీ మొహం గుర్తు లేదట."

"ఎట్లుంటది? అమ్మ పోయిననాడు నా సంకల ఉన్నడు ఆడు." పళ్ళెం గడప మీద పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుంది. తర్వాత అంది, "అమ్మ ఆడొక్కనికే అమ్మనా? నాకు గూడ అమ్మనే. వస్త. ఆడు మాత్రం గాడ ఉండొద్దు."

బొమ్మలాయన ముందు ఆవిడ మహారాణిలా కూర్చుంది. అక్కడి నుంచే అధికారం. "ముడతలు తియ్యి, అమ్మ ముప్పై నిండకుండనే పోయింది. ముక్కుకేం పెట్టకు, తమ్ముడు పుట్టినంక ముక్కుపుల్ల అమ్మేసిన్రు. కండ్లు గంత పెద్దగ వద్దయ్య, నిద్ర లేని కండ్లు." బొమ్మ పూర్తయ్యాక దగ్గరికి వెళ్ళి చూసింది. నేను ఏడుస్తుందనుకున్నాను. కొంగుతో ఆ నుదుటి మీద ఎండని రంగు ఒత్తబోతే బొమ్మలాయన కెవ్వుమన్నాడు. "ఇగ సాలు" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ప్రారంభోత్సవం నాడు పెద్దాయన తెర లాగాడు. నేను టైపు చేసిన ఉపన్యాసం (అందులో 'మాతృమూర్తి' అన్న మాట వాక్యానికొకటి పెట్టాను) ఆయన జేబులోనే ఉండిపోయింది. బొమ్మ వంక చూస్తూ నిలబడ్డాడు. ఎంతకీ ఇటు తిరగడు. చివరికి నా వైపు చూసి, మైకు దగ్గరుందని మరిచి, "అక్క కూసున్నదా?" అన్నాడు. బొమ్మకు కూర్చున్నది ఆవిడేనని తలూపాను. ఆ ప్రశ్న హాలంతా వినబడింది. ఒక కార్యకర్త హడావిడిగా కుర్చీ ఒకటి ఎత్తుకొచ్చి, నిలబడి ఉన్న స్థానిక నాయకురాలిని "సారు అడుగుతున్నరు, కూసోండక్కా" అని బలవంతంగా కూర్చోబెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దాయన మెడలో దండతోనే స్టేజీ దిగిపోయాడు.

ఆయన వెనక అంతే సారు, ఆయన వెనక నేను. నా చేతిలో మిఠాయి డబ్బా. అక్కాతమ్ముళ్ళు కలుసుకోవడం ఖాయమని పొద్దున్నే కొని పెట్టుకున్నాను మరి! రేకుల తలుపు మూసి ఉంది. పెద్దాయన వేళ్ళతో మెల్లగా కొట్టాడు.

"అక్కా."

"అమ్మను సూసినవ్ గదా. ఇగ పో."

"ఒక్కపారి అక్కా."

లోపల అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. మేము నిలబడే ఉన్నాం. సందులో పిల్లలు దండ వేసుకున్న పెద్దమనిషిని వింతగా చూసి పోతున్నారు. చివరికి ఆయనే దండ తీసి, గడప మీద పెట్టబోయి, మనసు మార్చుకుని చేత్తోనే పట్టుకుని వెనక్కి తిరిగాడు. నేను మిఠాయి డబ్బాను దుపట్టా కింద దాచుకున్నాను.

ఆవిడంటే నాకు చాలా రోజులు కోపం. తలుపు తీస్తే ఏం పోయేదని అమ్మతో, అంతే సారుతో వాదించాను. నా పెళ్ళయ్యాక, నాకూ కొన్ని తలుపులు మూసుకున్నాక వాదించడం మానేశాను.

కొన్నేళ్ళకు పెద్దాయన పోయాడు. పేపర్లు ఆయన కలిపిన కంపెనీల గురించీ, కట్టించిన వార్డుల గురించీ రాశాయి. కబురు చెప్పడానికి నాంపల్లికి నేనే వెళ్ళాను. ఆవిడకు అప్పటికే తెలిసింది. తలుపు బార్లా తీసి, గోడకానుకుని కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. ఆవిడ నా వైపు తిరక్కుండానే అడిగింది.

"ఆడికి చిన్నప్పటి సంది అన్నం ముద్ద పెట్టుకోంగనే ఎక్కిళ్ళొస్తుండె. నీళ్ళు పక్కకు పెడ్తుండెనా ఎవరన్న?"

ఆయన అన్నం తింటుండగా నేను ఏనాడూ చూడలేదు. మాలో ఎవరైనా చూశారో లేదో కూడా తెలియదు.

"పెట్టేవాళ్ళమమ్మా. రోజూ పెట్టేవాళ్ళం" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసి, నా చేతిని తన గరుకు చేతుల్లోకి తీసుకుంది.

"అబద్ధం గూడ సక్కగ ఆడొస్తలేదు పిల్లా నీకు" అంది.

ఇన్నేళ్ళొచ్చాయి, ఇప్పటికీ రావడం లేదు.